మడమ కింద పైపు ముక్క

మా ఆయనది చామనఛాయ అంటే ఫ్యాక్టరీలో ఎవరూ నమ్మరు. పొద్దున మెట్లు దిగి షెడ్డులోకి వెళ్ళేటప్పుడు తన రంగులోనే ఉంటారు. కాసేపటికే కనుబొమలు, మీసం, చెవుల మీది వెంట్రుకలు అన్నీ తెల్లబడిపోతాయి. మధ్యాహ్నం అన్నానికి పైకి వస్తే గుమ్మంలోనే నిలబెట్టి, తువ్వాలుతో దులిపి, అప్పుడు లోపలికి రానిస్తాను. "మొగుణ్ణి దులుపుతున్నానో, బూజు దులుపుతున్నానో తెలియడం లేదు" అని విసుక్కుంటే, "దులుపు, దులుపు, అడుగున నేనే ఉంటాను" అనేవారు. అందరూ ఆయన్ని పిండి మేస్త్రి అంటారు. నిజానికి అది పిండి కాదు. సున్నపురాయిని మెత్తగా ఆడించిన పొడి. ఫ్యాక్టరీలో దాన్ని కాల్షియం అంటాం.

ఫ్యాక్టరీ మా తమ్ముడిది. నీళ్ళ పైపులు, వాటిని కలిపే ఎల్బోలు, టీలు, కప్లింగులు అక్కడ తయారవుతాయి. మా ఆయన పొడులు కలిపే మిక్సర్ దగ్గర, నేను ఫిట్టింగుల షెడ్డులో. అచ్చులోంచి ఊడిపడ్డ ఎల్బోల అంచులు గీకి, సొట్టవి ఏరి, మంచివి సంచుల్లో కట్టడం నా పని. గోడౌను మీద రెండు గదుల్లో కాపురం. మిక్సర్ తిరిగినంతసేపూ మా అల్మారాలో గిన్నెలు గలగలలాడుతూనే ఉంటాయి. కొత్తలో నిద్ర పట్టేది కాదు. తర్వాత ఆ మోత ఆగితే మెలకువ రావడం మొదలైంది.

ఆ గదుల్లోకి మేం సరదాపడి రాలేదు. అంతకు ముందు ఆయన పనిచేసే ఇనుప మిల్లు మూతపడింది. వేరే చోట పని దొరక్క, ఎవరికీ మొహం చూపించలేక ఇంట్లో కూర్చున్నప్పుడు మా తమ్ముడు వచ్చాడు. నీళ్ళైనా తాగకుండా, "అక్కా, సామాను సర్దు" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. నేను వాడి భుజం పట్టుకుని ఏడ్చాను. ఆ తర్వాత వాణ్ణి ఎన్నిసార్లు తిట్టబోయినా ఆ మాటే గొంతుకు అడ్డం పడింది. వాడు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఎంత సుఖంగా ఉండేది! నాలుగు తిట్టి, చాప చుట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళం.

కాల్షియం గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే అదేదో విషం అనుకుంటారు. అది కూరలో ఉప్పులాంటిది. ప్లాస్టిక్ పొడిలో తగుపాళ్ళలో కలిస్తే పైపు బిగువుగా, నిటారుగా వస్తుంది, ఖర్చు కూడా కలిసొస్తుంది. చేయి జారి ఎక్కువ పడిందా, ప్లాస్టిక్ పట్టు తప్పి రాయి గుణం బయటికి వస్తుంది. పైకి గట్టిగానే కనిపిస్తుంది. దెబ్బ తగిలితే మాత్రం పెంకులా పగులుతుంది. ఎంత వేయాలో మా ఆయనకు కాగితం అక్కర్లేదు. వేడి మిక్సర్ మూత తీసి, పిడికెడు తీసుకుని, పిడికిలి బిగించి విప్పి చూసేవారు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. పొద్దున యంత్రం నుంచి వచ్చిన మొదటి పైపులోంచి గాజంత ముక్క కోయించి, చెప్పు విడిచి, దాన్ని ఒట్టి మడమ కింద పెట్టి నలిపేవారు. ముక్క అప్పడంలా అణిగి, కాలు తీయగానే మళ్ళీ గుండ్రంగా లేస్తే, "పోనీయండి" అని చెయ్యి ఊపేవారు. అప్పుడే పైపులు లారీ వైపు కదిలేవి. చెప్పుతోనే తొక్కొచ్చు కదా అని నేను ఒకసారి అడిగాను. "చెప్పుకేం తెలుస్తుందే? పైపు తిరిగి లేచేటప్పుడు మడమను నెడుతుంది. ఆ నెట్టడం చూడాలి" అన్నారు. ఆ మడమ మీద పాత గాట్లు బోలెడు. రాత్రిపూట వాటికి నూనె రాస్తుంటే ఏ గాటు ఏ ఏడు తగిలిందో చెప్పి నవ్వించేవారు. పైపు లేచిన రోజు ఆయన కంచంలో అన్నం ఇంకో ముద్ద ఎక్కువ దిగేది, నాకు తెలుసు.

ఒకరోజు నేను టీ పట్టుకుని వెళ్ళేసరికి మా తమ్ముడు మిక్సర్ దగ్గర నిలబడి ఉన్నాడు.

"బావా, ఇవాళ్టి నుంచి ఇంకొంచెం దట్టించు" అన్నాడు, కాల్షియం బస్తాల వైపు గడ్డం ఊపుతూ.

"ఇంతకు ముందే దట్టించాం కదరా. ఇంకా వేస్తే పైపు నిలవదు."

"మార్కెట్లో అందరూ వేస్తున్నారు. మనమొక్కళ్ళం ముక్కుసూటిగా పోతే షెడ్డుకి తాళం వేసుకోవాలి. వీళ్ళందరూ ఎక్కడికి పోతారు, నువ్వే చెప్పు?"

"యంత్రంలో స్క్రూ కూడా అరిగిపోతుంది. రాయి కదా."

"స్క్రూ నేను మార్చుకుంటా. నీకెందుకు బావా ఆ బాధ?"

మా ఆయన నా వైపు చూశారు. నేను టీ గ్లాసు వైపు చూశాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అక్కడ కప్ప ఎవరో, పాము ఎవరో కూడా నాకు తెలియలేదు. ఆయన టీ తాగి, గ్లాసు నా చేతిలో పెట్టి, బస్తా మూతి విప్పారు.

మర్నాడు మడమ కింద ముక్క టప్పున పగిలింది. ఇంకో ముక్క కోయించారు, అదీ పగిలింది. యంత్రం దగ్గరివాళ్ళంతా చూస్తున్నారు. "పోనీయమంటారా మేస్త్రీ?" అని ఎవరో అడిగారు. ఆయన చెయ్యి ఊపలేదు, తలా ఊపలేదు. పైపులు వాటంతటవే లారీ ఎక్కాయి. వారం తిరక్కుండా ఆయన లేసులున్న మందపాటి బూట్లు కొనుక్కుని, పొద్దున ఇంట్లోనే తొడుక్కుని వెళ్ళడం మొదలుపెట్టారు. షెడ్డులో మేకులు గుచ్చుకుంటున్నాయని చెప్పారు. ఇన్నేళ్ళు గుచ్చుకోని మేకులు ఇప్పుడు ఎక్కడినుంచి వచ్చాయో నేను అడగలేదు.

ఇందులో నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి ఒకటుంది. ప్లాస్టిక్ కన్నా రాయి బరువు. కాల్షియం ఎక్కువైన కొద్దీ పైపు బరువెక్కింది. దుకాణాలవాళ్ళు వచ్చి, పైపు ఎత్తి చూసి, "అబ్బ, ఏం బరువు! ఈమధ్య సరుకు బాగా గట్టిగా చేస్తున్నారు" అని మెచ్చుకుని పట్టుకెళ్ళేవారు. మా తమ్ముడు ముసిముసిగా నవ్వేవాడు. ఆ మెప్పు విన్నప్పుడల్లా మా ఆయన మిక్సర్ వెనక్కి వెళ్ళి ఏదో వెతుక్కునేవారు.

ఇంట్లో కూడా అది మమ్మల్ని వదల్లేదు. లావు పైపు ముక్కలు కోయించి తెచ్చి నేను బిందెలకు కుదుళ్ళుగా వేసుకునేదాన్ని. పాతది ఎక్కడికో పోతే కొత్తది వేశాను. నిండు బిందె పెట్టీ పెట్టగానే కుదురు రెండుగా చీలి, నీళ్ళన్నీ వంటింట్లో పారాయి. నేను గుడ్డ పెట్టి తుడుస్తుంటే ఆయన తలుపు దగ్గర నిలబడి ఆ రెండు ముక్కలనే చూస్తున్నారు.

"బిందె గట్టిగా పెట్టి ఉంటాను లెండి" అన్నాను.

"నువ్వు మెల్లిగానే పెట్టావు" అన్నారు. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశారు.

మా బావగారు, అంటే ఆయన అన్నయ్య, ప్లంబరు. నీళ్ళ పని అంటే చుట్టుపక్కల అందరూ ఆయన పేరే చెబుతారు. ఆయన బిగించిన పైపుకు మళ్ళీ రెంచి పట్టాల్సిన పని రాలేదని ప్రతీతి. పైపులన్నీ మా ఫ్యాక్టరీవే కొనేవారు. ఎవరైనా వేరేవి చూపిస్తే, "మా తమ్ముడి చెయ్యి పడ్డ పైపు ఉండగా ఇంకోటెందుకు?" అనేవారు. ఆ మాట ఊరంతా తిరిగి మా గదులకు వచ్చేది. వచ్చినప్పుడల్లా మా ఆయన ఇంకొంచెం కుంగిపోయేవారు. కుడితిలో పడ్డ ఎలుక అవస్థ. పైకి రాలేరు, మునిగిపోలేరు.

ఆ బావగారే ఒక సాయంత్రం మిఠాయి పొట్లంతో వచ్చారు. మెట్లెక్కుతూనే కేకేశారు.

"అమ్మాయ్, ముందు నోరు తీపి చేసుకోండి. కాన్పుల ఆసుపత్రి పని నాకిచ్చారు! మూడంతస్తులు. పైపులన్నీ గోడల్లోనే. డాక్టరమ్మ ఒకటే అడిగింది, ఒకసారి ప్లాస్టరింగ్ చేశాక మళ్ళీ గోడ పగలగొట్టే పని రాకూడదండీ అని. రాదమ్మా, మా తమ్ముడి పైపు అన్నాను."

మా ఆయన చేతిలో మిఠాయి చేతిలోనే ఉండిపోయింది.

"అన్నయ్యా" అన్నారు.

"ఏంట్రా?"

"కొంచెం... చూసి వెయ్యి."

"చూడకుండా ఎప్పుడు వేశాను?" బావగారు నవ్వారు. నవ్వుతూనే తమ్ముడి మొహంలోకి కాసేపు చూశారు. ఇంకేమైనా చెబుతాడేమోనని ఆగినట్టే ఆగి, చెప్పులు తొడుక్కుని దిగి వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండింది. "చెప్పొచ్చు కదండీ! నోట్లో ఏం పెట్టుకున్నారు?" అన్నాను.

"ఏమని చెప్పను? మీ తమ్ముడు మోసం చేస్తున్నాడనా? అన్నయ్య కడుపులో దాచుకునే మనిషి కాదు. నేరుగా మీ వాడి గల్లా పట్టుకుంటాడు. రేపు మనం ఎక్కడుంటాం? నువ్వు మీ వాళ్ళింట్లో ఏ మొహంతో అడుగుపెడతావు?"

తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనిషి కాదు ఆయన. అయితే ఆ ఇంటి వాసం విరిగి అన్న నెత్తినే పడేలా ఉంది. ఆసుపత్రి గోడలోపల పైపు పగిలితే ఎవరి పేరు పోతుందో, పసిపిల్లల గదిలోకి నీళ్ళు ఎలా వస్తాయో ఇద్దరికీ తెలుసు.

చివరికి ఆయన ఒక ఉపాయం పన్నారు. మా తమ్ముడు పొరుగూరు వెళ్ళిన పూట, పాత పాళ్ళలో, కాల్షియం తగినంతే వేసి ఒక మిక్సు ఆడించారు. ఆసుపత్రికి సరిపడా పైపులు తీయించి, పసుపు తాడుతో కట్టలు కట్టి, షెడ్డు మూల వేరుగా పేర్పించారు. నా చేత ఎల్బోలు కూడా ఆ మిక్సువే ఏరించారు. ఆ రోజు బూట్లు విప్పారు. ముక్క అణిగి, లేచి, మడమను నెట్టింది. నా వైపు చూసి చెయ్యి ఊపారు. చాలా రోజుల తర్వాత మా ఆయన మొహంలో మా ఆయన కనిపించారు.

లోడింగ్ చూసే మనిషిని అందరూ పహిల్వాన్ అంటారు. గాలి గట్టిగా వీస్తే పట్టుకోవడానికి స్తంభం వెతుక్కునే శాల్తీ, అందుకే ఆ పేరు. "పసుపు తాడు కట్టలు మా అన్నయ్యవి, జాగ్రత్తగా ఎక్కించు" అని మా ఆయన వాడికి చెప్పారు. నాలుగు రోజులకు ఒక మధ్యాహ్నం పహిల్వాన్ పళ్ళికిలిస్తూ మిక్సర్ దగ్గరికి వచ్చాడు. నేను అక్కడే అన్నం గిన్నె పట్టుకుని ఉన్నాను.

"మేస్త్రీ, నేను చూడబట్టి సరిపోయింది. మీ అన్నగారికి వేరే కట్టిన పైపులు ఎత్తి చూస్తే దూదిలా ఉన్నాయి! ఇంత తేలిక సరుకు మేస్త్రి అన్నకా అని, అవన్నీ తీసి పక్కన పడేసి, బాగా బరువున్నవి ఏరి ఏరి పసుపు తాడు కట్టి ఆ రోజే పంపించేశాను. ఎల్బోల సంచులు కూడా మార్చేశాను. నేనంటే ఏమనుకున్నారు?"

వాణ్ణి తిట్టడానికి కూడా లేదు. బరువుంటే గట్టిదని ఊరంతటికీ నేర్పింది మేమే. మా ఆయన "ఆ తేలికవి?" అని అడిగారు.

"పొద్దున ఎవరో పశువుల షెడ్డుకి కావాలంటే ఇచ్చేశాం."

ఆ పశువులు అదృష్టం చేసుకున్నాయి. మంచి నీళ్ళు తాగుతాయి, గోడ తడవదు.

"అన్నయ్య ఇవాళ ప్లాస్టరింగ్ మొదలుపెడతానన్నాడు" అని మా ఆయన నాతో మెల్లిగా అన్నారు. మిక్సర్ అలాగే తిరుగుతుండగా, ఆ తెల్ల మొహంతోనే బయటికి నడిచారు. నేను గిన్నె అక్కడే పెట్టి వెనకాల పరుగెత్తాను. స్కూటర్ మీద ఆయన నడుం పట్టుకుని కూర్చున్నాను.

ఆసుపత్రి కింది అంతస్తులో మేస్త్రీలు సిమెంటు కలుపుతున్నారు. ఒక గోడ అప్పటికే మూసేశారు. మా ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా మూయని గోడ దగ్గరికి వెళ్ళారు. గాడిలో తెల్ల పైపు నిలువుగా ఉంది. వేలి మెటికతో దాని మీద కొట్టారు. చెవి దగ్గర పెట్టి మళ్ళీ కొట్టారు.

"ఇది మనది కాదు" అన్నారు.

"కాదు." బావగారు వెనకనుంచి వచ్చారు, చేతిలో రంపం ఉంది. "ఏంట్రా ఆ వేషం? మొహం కడుక్కునే తీరిక కూడా లేదా?"

"అన్నయ్యా, నేను పంపిన పైపులు..."

"రా" అన్నారు బావగారు.

ఆసుపత్రి వెనక వీధిలోనే ఆయన ఇల్లు. పెరట్లో గోడ పొడుగునా టార్పాలిన్ కప్పి ఉంది. దాన్ని లాగారు. అన్నీ మా పైపులే. పసుపు తాడు కట్టలు పైన ఉన్నాయి. వాటి కింద ఇంకా పాతవి, వాటి కింద ఎండకు రంగు మారినవి. సంచులకు నేను కట్టిన ముడులు ముడుల్లాగే ఉన్నాయి. ఒక్క ఎల్బో కూడా బయటికి తీయలేదు.

"రంపం పెట్టగానే తెలిసిపోయిందిరా" అన్నారు బావగారు. "మంచి పైపు కోస్తే చుట్టలు చుట్టలుగా పొట్టు రావాలి. నీ పైపు పిండి రాల్చింది. అప్పటినుంచి పనులన్నిటికీ వేరే చోట తెచ్చి వేస్తున్నా."

"మరి ఇవెందుకు కొన్నావు?"

"నేను మానేస్తే, సొంత అన్నే కొనడం లేదని మీ బావమరిది నిన్ను అడగడా? నీ పని ఏమవుతుంది?"

మా ఆయన ఆ పైపుల మీద చెయ్యి వేసి నిలబడిపోయారు. తెల్ల మొహం మీద కన్నీళ్ళు రెండు చారలు గీశాయి. ఆ చారల్లో చామనఛాయ బయటపడింది.

"ఒక్క మాట అని ఉంటే..." అన్నారు.

"నువ్వు చెబుతావని చూశానురా" అన్నారు బావగారు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే తట్టుకునేవాళ్ళం. "వచ్చినప్పుడల్లా అనుకున్నా, ఇవాళ చెబుతాడు, ఇవాళ చెబుతాడు అని. మొన్న మిఠాయి తెచ్చింది కూడా అందుకే. ఆసుపత్రి అంటేనైనా నోరు విప్పుతావని."

నాకు నిలబడ్డచోటే భూమి చీలితే బాగుండుననిపించింది. ఆ మిఠాయి నేను మర్నాడు కూడా తిన్నాను.

తెల్లారి మా ఆయన మిక్సర్ దగ్గరికి వెళ్ళి బస్తా మూతి విప్పలేదు. మా తమ్ముడు వచ్చి అడిగాడు.

"పాత పాళ్ళైతే వేస్తాను. అంతకు మించి నా చేత్తో వెయ్యనురా" అన్నారు.

తమ్ముడు నా వైపు తిరిగాడు. "ఏంటక్కా ఇది?"

సామాను సర్దమన్న ఆ మొహమే అది. అయినా అన్నాను. "ఆయన చెప్పిందే నా మాట కూడా."

వాడు అరవలేదు, పొమ్మనలేదు. అక్కని వీధిలో పెట్టాడని నలుగురూ అంటారని వాడికి తెలుసు. పొమ్మనలేక పొగబెట్టినట్టు, మిక్సర్ మీద ఇంకొకర్ని పెట్టి, మా ఆయన్ని గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాడు. "విశ్రాంతి తీసుకో బావా, వచ్చే పోయే బండ్లు చూసుకో, చాలు" అన్నాడు. గదులు అవే. గిన్నెల గలగల కూడా అదే. ఆ మోత బరువెక్కినప్పుడల్లా ఆయన కంచం ముందు తలెత్తి, "ఇప్పుడు ఎక్కువ వేశాడు" అనేవారు. తనది కాని చేత్తో కలుస్తున్న పిండి శబ్దం వింటూ అన్నం తినాలి. వెళ్ళిపోదామంటే వేరే చోటు ఇంకా దొరకలేదు. ఒంటిమీద పిండి పోయింది గానీ, మనిషి మాత్రం అందులోనే ఉన్నారు.

మా ఆయన గేటు దగ్గర కూర్చున్న కొత్తలో ఒకాయన వ్యాను వేసుకుని వచ్చాడు. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నాడట, భార్య కూడా వెంట ఉంది. పైపు ఎత్తి చూసి, "బాగా బరువుంది. గట్టిదేనా పెద్దాయనా? గోడల్లో పెట్టేయాలి" అని అడిగాడు.

పహిల్వాన్ కట్ట మోస్తూ ఆగిపోయాడు. ఆఫీసు కిటికీలో మా తమ్ముడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఇటే చూస్తున్నాడు. నేను ఫిట్టింగుల షెడ్డు గుమ్మంలోకి వచ్చాను. మా ఆయన నా వైపు చూశారు. ఈసారి నేను చూపు తిప్పుకోలేదు.

"పహిల్వాన్, ఆ పైపులోంచి చిన్న ముక్క కోసి ఇటివ్వు" అన్నారు ఆయన.

అని, కుర్చీలో కూర్చునే వంగి, బూటు లేసు విప్పడం మొదలుపెట్టారు.